దారం లేని ఉత్తరం

మంగళవారం మధ్యాహ్నం, కెనడాలోని మిస్సిసాగాలో నేను పనిచేసే మందుల గోడౌన్‌లో లంచ్ బ్రేక్ అయిపోవస్తుండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పంపింది కాల్గరీలో ఉండే అవ్వ కొడుకు. "అమ్మ ఈ ఉదయం పోయింది. ఆఖరి రెండు రోజులూ నొప్పి ఎక్కువగానే ఉంది. నీకు ఈరోజే, ఉన్నది ఉన్నట్టు చెప్పమని నా దగ్గర మాట తీసుకుంది." పైన పలకరింపు లేదు, కింద దండం పెట్టే బొమ్మ లేదు. ఇంగ్లీషులో మూడు పొట్టి వాక్యాలు. రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా డబ్బాల మీద లేబుళ్లు స్కాన్ చేస్తూనే ఉన్నాను. పక్క లైన్లో ఉన్న పంజాబీ అమ్మాయి ఏమైందని అడిగితే "మా అవ్వ పోయింది" అన్నాను. ఆ 'మా' ఎంత తేలిగ్గా వచ్చేసిందో అన్నాక గానీ గమనించుకోలేదు.

నిజానికి ఆమె నాకు చుట్టం కాదు. కిచెనర్‌లో కాలేజీ చదివిన రెండేళ్లూ ఆమె ఇంటి బేస్మెంట్‌లో అద్దెకున్నాను. అవ్వ అని పిలవమన్నది ఆమే. ఆంటీ అంటే ఊరుకునేది కాదు. కిరాణా కొట్లో అందరూ ఆంటీలేగా, అనేది.

ఆమె పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గర. ఆమె తాత, అంటే తండ్రికి తండ్రి, పందొమ్మిదో శతాబ్దం ఆఖర్లో మా శ్రీకాకుళం వైపు నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వెళ్లాడు. అయిదేళ్లకని వెళ్లినవాడు మరి తిరిగి రాలేదు. ఈమె పెళ్లయ్యాక భర్తతో కెనడా వచ్చి, ఒక చొక్కాల ఫ్యాక్టరీలో కళ్లు మసకబారేదాకా కుట్టుపని చేసింది. నేనెరిగేనాటికి ఎనభై దాటింది, భర్త పోయి చాలాకాలమైంది. మాట్లాడేదంతా ఇంగ్లీషే. తెలుగు మాటలు గట్టిగా పది ఉండేవి ఆమె దగ్గర: అవ్వ, తాత, అత్త, చారు, పులుసు, కూచో, తిన్నావా, అలాంటివి. అక్షరం ఒక్కటీ రాదు. ఆమె ఇంగ్లీషులో అన్నవాటిని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను వచ్చిన సెప్టెంబరులో కిచెనర్ బస్సుల్లో ఎక్కడ నిలబడ్డా తెలుగు వినిపించేది. ఒక్కో బేస్మెంట్‌లో ఆరుగురు, పరుపుల మధ్య కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నేనూ, ఎయిర్‌పోర్టులో పరిచయమైన కరీంనగర్ అమ్మాయీ ఎవరిదో హాల్లో కార్పెట్ మీద పది రోజులు పడుకుని ఇళ్లు వెతికాం. ఒకరోజు ఇండియన్ కిరాణా కొట్టు అద్దానికి అంటించిన చేతిరాత కాగితం కనిపించింది. ఇద్దరు అమ్మాయిలకు బేస్మెంట్ ఇస్తారు, ఒకరికైనా తెలుగు చదవడం వచ్చి ఉండాలి.

"నాకైతే సదువరాదు," అంది కరీంనగర్ అమ్మాయి. "నర్సరీ కెళ్లి ఇంగ్లిష్ మీడియమే. మాట్లాడుడు వరకే. నీకొస్తదా?"

"వస్తుంది. మా తాతయ్య పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు."

"గట్లయితే నడువ్. మీ తాత పుణ్యాన మంచం మీద పండుకుంటం."

అవ్వ మమ్మల్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లోంచి ఒక ఆవకాయ సీసా తీసి నా ముందు పెట్టింది. "ఉన్నది చదువు, అమ్మా," అంది. ఇది మాత్రం తెలుగులోనే. మాకు ముందు అద్దెకున్న తెలుగు అమ్మాయిల దగ్గర నేర్చుకుందట. ఆమె దగ్గరున్న ఒకే ఒక్క పూర్తి తెలుగు వాక్యం అది. నేను లేబుల్ మీది పేరు, అందులో వేసిన దినుసులు, తయారైన నెల, వాడవలసిన గడువు అన్నీ చదివి, "గడువు దాటి ఏడాదయింది అవ్వా, పారేయండి," అన్నాను. ఆమె నవ్వింది. "నీకు ముందు వచ్చినవాళ్లు దినుసులు చదివి ఆపేశారు. ముసలిదాన్ని చిన్నబుచ్చడం ఎందుకనుకున్నారేమో." బేస్మెంట్ తాళంచెవి అప్పటికప్పుడే ఇచ్చింది. సీసాను మాత్రం పారేయలేదు. తుడిచి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టింది.

ఆమెకు చదివించుకోవాల్సినవి ఏడు ఉత్తరాలు. నాటాల్ తాతకు ఇంటినుంచి వచ్చినవి. ఆయన నుంచి కొడుక్కీ, ఆ కొడుకు నుంచి అవ్వకూ అందాయి. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నన్ను పైకి పిలిచేది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, నా చేత కడిగించి, బల్ల మీద తెల్ల దుప్పటి ముక్క పరిచి, బిస్కట్ల రేకు డబ్బా తెచ్చేది. మూత తియ్యడానికి గోళ్లు వాడేది కాదు. చెంచా వెనకవైపుతో చుట్టూ మెల్లగా లేపేది. ఈ తతంగంలో ఏ ఒక్కటీ ఏ వారమూ తప్పలేదు. నాకు మొదట్లో విసుగు. వారమంతా కాలేజీ, పార్ట్‌టైం పని. ఆదివారం ఒక్కరోజే నాకు షిఫ్టు లేనిది, ఆ ఒక్క మధ్యాహ్నం కూడా ఎవరి ముత్తాతల ఉత్తరాలకో పోతోందనిపించేది.

ఉత్తరాలు రాయించింది ఊళ్లో ఉన్న అన్న. రాసింది బడిపంతులు. అక్షరాలు గుండ్రంగా చక్కగానే ఉండేవి గానీ మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. ఎక్కడ విరవాలో తెలియక మొదటి ఉత్తరానికే రెండు ఆదివారాలు పట్టింది. నాటాల్‌లో తమ్ముడికీ చదువు రాదు. కూలీల బసలో అక్షరాలొచ్చిన ఇంకొక కూలీ చదివి వినిపించేవాడని అవ్వ తండ్రి చెప్పేవాడట.

పైన శ్రీ, నాలుగు మూలలా పసుపు మరక. "చిరంజీవి తమ్ముడికి అన్న దీవించి రాయించునది. ఉభయకుశలోపరి. నీవు ఓడ దిగినావని తెలిసి సంతోషించినాము. నీ పిల్ల పాకుచున్నది. గడప దాటబోయి పడినది, దెబ్బ లేదు. నాకు రాయరాదు, నీకు చదవరాదు. అందువలన పిల్లను పడుకోబెట్టి మడమ నుండి నడినెత్తి దాకా దారముతో కొలిచి ఇందులో పెట్టినాను. దీనిని నీకు ఎవరును చదివి పెట్టనక్కర లేదు."

దారం ఆ కాగితం మడతలోనే ఉంది. పసుపు పట్టించి ఉంటారు, ఇప్పుడు టీ రంగుకు తిరిగింది. అది ఆ ప్రాంతపు ఆచారమో, ఆ అన్న బుర్రలో పుట్టిన ఉపాయమో నాకు తెలియదు. మా వైపు నేనెక్కడా వినలేదు. ఆరు ఉత్తరాల్లో ఆరు దారాలున్నాయి. అవ్వ వాటిని దుప్పటి మీద పక్కపక్కన పరిచి, కొసలు చుట్టుకుపోకుండా చెంచాలు బరువు పెట్టేది. ఫ్యాక్టరీలో ఎన్ని వేల కొలతలు చూసిందో, దారం చూస్తే వయసు చెప్పేసేది. "ఇది ఏడాది. ఇది రెండున్నర. ఇదుగో, ఇక్కడ పిల్ల ఒక్కసారి సాగింది చూడు. గౌనయితే అంచు విప్పి వదలాల్సిందే." అన్నిటికన్నా పొడవైనది రెండు మూరల మీద నాలుగు వేళ్లు. "నాలుగేళ్లు," అనేది అవ్వ, దాన్ని ముట్టుకోకుండా పైన వేలు ఆడిస్తూ. "మా అత్త."

ఆ పిల్ల ఆమెకు మేనత్త అవుతుంది. నాటాల్‌లో తాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆ సంతానం అవ్వ తండ్రి. అయినా తాత పోయేదాకా ఇండియాలో వదిలొచ్చిన కూతురి మాటే చెప్పేవాడట. ఈపాటికి పెళ్లయి ఉంటుందనేవాడు. తరవాత పిల్లలు పుట్టి ఉంటారనేవాడు. ఇంకా తరవాత, వాళ్లకూ పెళ్లీడు వచ్చి ఉంటుందనేవాడు. ఆ లెక్కన శ్రీకాకుళం వైపు ఎక్కడో అవ్వకు రక్తసంబంధీకులు ఉండాలి. బేస్మెంట్ తెలుగు అమ్మాయిలకే ఇవ్వడంలో ఉన్న ఆశ ఇదని నాకు మూడో ఆదివారం అర్థమైంది. మాది నరసన్నపేట దగ్గర అనగానే ఆమె నా మొహాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. "నీ చెవులు మా నాన్న చెవుల్లాగే ఉన్నాయి."

కిందికొచ్చి చెబితే కరీంనగర్ అమ్మాయి నడుం మీద చెయ్యేసుకుంది. "ఇంకేంది, ఓనర్ మనవరాలివైనవ్. ఇగ బాత్రూం నేనే కడగాల్నా?"

మొదటి రోజే అవ్వ ఇంకొక మాట చెప్పింది. చెడ్డ కబురు ఉత్తరాన్ని ఇంట్లో ఉంచరు, చదివి, స్నానం చేసి, చింపేస్తారని ఆమె తండ్రి చెప్పాడట. "కాబట్టి ఈ డబ్బాలో ఉన్నవన్నీ మంచి ఉత్తరాలే," అంది. నాకా పద్ధతి తెలుసు. నా చిన్నప్పుడు చావు కబురు కార్డు వస్తే మా నాన్న గుమ్మం బయటే నిలబడి చదివి, అక్కడే చింపి, పెరటి దారిన నూతి దగ్గరికి పోయేవాడు.

అందుకే ఏడో ఉత్తరం విప్పగానే నా చేతులు ఆగిపోయాయి. పైన శ్రీ లేదు. మూలల్లో పసుపు లేదు. మడతలో దారం లేదు. మా ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక చదవక్కర్లేదు. అయినా కళ్లతో గబగబా చదివాను. విషయం రెండో పంక్తిలోనే ఉంది.

అవ్వ ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పిల్లకి జ్వరం వచ్చిందట," అన్నాను. "తగ్గిపోయిందట. ఇప్పుడు గంజి తాగుతోందట."

"తగ్గిందా?"

"తగ్గింది."

"దారం?"

"ఈసారి మరిచిపోయారట. వచ్చే జాబులో పెడతామని రాశారు."

తలూపింది. ఉత్తరం తనే మడిచి, డబ్బాలో అడుగున పెట్టి, టీ తాగుతావా అని అడిగింది. నేను తాగాను. మెట్లు దిగుతుంటే నా మీద నాకు కాస్త మెచ్చుకోలుగా కూడా ఉంది, అబద్ధం చాలా నున్నగా వచ్చిందని. గంజి ఆలోచన ఎక్కడిదో అప్పటికప్పుడు తట్టింది.

డిసెంబరులో పరీక్షలు. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడల్లా తాతయ్యను చూపించమంటే నిద్రపోతున్నాడనేవారు, లేకపోతే కళ్లకు చుక్కలు వేశామనేవారు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. చూపు ఆనకపోయినా రోజూ పేపరు ముందు పెట్టుకుని, నేను చదువుతుంటే తప్పులు పట్టిన మనిషి. నేనూ పెద్దగా అనుమానించలేదు, తొందరలో ఉన్నాను. ఆఖరి పరీక్ష రాసి బస్సెక్కి, సీటు దొరికాక ఫోన్ తీస్తే, వాట్సాప్ స్టేటస్‌లో ఎవరో దూరపు బావ ఆ ఉదయమే పెట్టిన ఫొటో కనిపించింది. తాతయ్య, దండ, శ్రద్ధాంజలి, కింద తేదీ. అప్పటికి ఇరవై మూడు రోజులైంది.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. "ఎప్పుడు?" అని మాత్రం అడిగాను.

"నీకెవరు చెప్పీసేరు?"

"బావ స్టేటస్‌లో చూశాను."

"ఆడికొక్కడికే చెప్పడం మరిచిపోనాం." అమ్మ ముక్కు చీదింది. "ఏటని చెప్పమంటావే? పరీక్షలు కదా. అక్కడ ఒక్కదానివీ ఏడిస్తే చూసీవాళ్లెవరు? రమ్మంటే వచ్చీగలవా? మీ నాన్నే వద్దన్నారు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాం, స్టేటస్‌లు నీకు అగుపడకుండా పెట్టుకోమని."

నేను ఫోన్ పెట్టేసేసరికి కరీంనగర్ అమ్మాయి మంచం అంచున కూర్చుని కాళ్ల వేళ్లు చూసుకుంటోంది. అడక్కుండానే చెప్పింది.

"నాకు తెల్సు."

"ఏం తెలుసు?"

"మీ అమ్మ నాకు ఫోన్ జేసింది. ఏడ్సింది. పరీక్షలయ్యేదాక జెప్పకు బిడ్డా అన్నది. నేనేం జెయ్యాలె?"

"ఇన్ని రోజులు నాతో కలిసి అన్నం తిన్నావు."

"తిన్న. నువ్వు మీ తాత ముచ్చట్లు జెప్తుంటే నవ్విన గూడ."

నేనేం అరిచానో నాకు సరిగ్గా గుర్తు లేదు. నేలకు కొట్టిన ప్లేటు గుర్తుంది. పైనుంచి అవ్వ చీపురు కర్రతో నేల మీద రెండుసార్లు తట్టింది. అది ఆమె పిలుపు.

వంటింట్లో కూర్చోబెట్టింది. కిటికీ బయట మంచు పక్కకు కొట్టుకుపోతోంది. నేను మొత్తం చెప్పాను. "ఎవరి మీద కోపం?" అని అప్పుడు అడిగింది.

"అందరి మీదా. చెబితే ఏడ్చుకునేదాన్ని కదా. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లేదు. ఆయన పోయిన రోజు నేను క్లాసులో ప్రెజెంటేషన్ బాగా ఇచ్చానని కేక్ తిన్నాను."

అవ్వ లేచి సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. తెల్ల దుప్పటి పరిచింది. ఆరోజు ఆదివారం కాదు. డబ్బా తెచ్చి, చెంచాతో మూత లేపి, అడుగునున్న ఉత్తరం తీసి నా ముందు పెట్టింది.

"మొదట ఉన్న అమ్మాయి ఇందులో అత్తకి పెళ్లి సంబంధం వచ్చిందని చదివింది. తరవాతి అమ్మాయి, అత్త వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లిందని చదివింది. నువ్వు జ్వరం తగ్గిందని చదివావు. మిగతా ఆరూ ముగ్గురూ ఒక్కలాగే చదివారు."

నేను బల్ల మీది చెంచాను తిప్పి పెట్టాను.

"నేను ముప్ఫై ఏళ్లు కుట్టుపని చేశాను," అంది. "కొలతలు రావడం ఆగిపోయిందంటే ఇక బట్ట అక్కర్లేదని. దారం లేకపోవడం నేనెప్పుడో చూశాను. తాత కూడా చూసే ఉంటాడు. చదువు రాకపోతేనేం, చేతులున్నాయి కదా."

"మరి పెళ్లయి ఉంటుందని, పిల్లలు పుట్టి ఉంటారని అనేవాడన్నారు?"

"ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కాగితం చింపేసేవాడు, నా దాకా వచ్చేది కాదు. చదివి పెట్టినవాడు నీలాంటి మంచివాడే అయి ఉంటాడు. తోటలో ఒక్కడూ ఏడిస్తే చూసేవాళ్లెవరని అనుకుని ఉంటాడు." ఆమె గొంతులో వెక్కిరింత లేదు. "తెలుసుకోవడం ఒకటి, ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడం ఒకటి. చెప్పకపోతే ఏడవడానికి మొదలు దొరకదు. ఆయన ఏడవలేక ఆ పిల్లకి ఏటేటా వయసు కలుపుకుంటూ పోయాడు. నేనూ అదే చేశాను. నేను మీ అందరి మొహాల్లో చెవులు వెతికాను."

ఉత్తరాన్ని ఇంకొంచెం నా వైపు జరిపింది.

"ఉన్నది చదువు, అమ్మా."

చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పాను. ఆ కాగితం ఇప్పుడు లేదు. నాకు గుర్తున్నంతలో ఇలా ఉంది:

"తమ్ముడికి అన్న రాయించునది. రాయరాని కబురు రాయించవలసి వచ్చినది. నీ పిల్ల కాలము చేసినది. ఊరిలో వాంతిభేది తగిలినది. పిల్లకు ఆదివారము తెల్లవారి పట్టుకుని సోమవారము పొద్దు వాలేసరికి అయిపోయినది. నడుమ దాహము దాహమని అడిగినది. నీళ్లు ఇయ్యరాదని వైద్యుడు చెప్పినాడు. మేము ఇయ్యలేదు. చెంబు పిల్ల కంటికి కనపడకుండ చూరులో దాచినాము. ఈ మాట రాయవద్దని పంతులు అన్నాడు. నీవు తండ్రివి గనుక రాయమని నేనే చెప్పినాను. ఏటి ఒడ్డున పూడ్చినాము. పిల్ల తల్లి ఎవరితోను మాటలాడుట లేదు. నీవు వచ్చిన యెడల మాటలాడవచ్చును. వీలు చూచుకుని రావలెను. ఈ కమ్మ విన్న తరువాత స్నానము చేసి చింపివేయవలెను."

చెంబు దాచిన వాక్యాన్ని అవ్వ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆన్ అయిన చప్పుడు, గోడల్లోంచి వేడిగాలి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎనభై దాటిన మనిషి నాలుగేళ్ల అత్త కోసం భుజాలు ఊగిపోయేలా ఏడ్చింది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నేనూ ఏడుస్తున్నాను. నా ఏడుపు ఆ పిల్ల కోసం కాదని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి మొహం తుడుచుకుని అంది: "రమ్మని రాశారు. ఎవరూ చెప్పలేదు కాబట్టి వెళ్లలేదు. వెళ్లి ఉంటే నేను లేను."

"పద, స్నానం చేద్దాం. నీకూ ఒకరున్నారుగా. ఇద్దరికీ కలిపి చేద్దాం," అని లేచింది.

ఆమె పైన, నేను కింద తలస్నానాలు చేశాం. తడి తలల మీద టోపీలు పెట్టుకుని వెనక తలుపు తీసి మెట్ల మీద నిలబడ్డాం. చింపబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. "అవ్వా, ఇలాంటి కాగితం మళ్లీ దొరకదు. ఏ మ్యూజియానికైనా ఇస్తే జాగ్రత్తగా పెడతారు."

"ఇప్పటిదాకా జాగ్రత్తగా పెట్టే కదా ఇంత చేశాం," అంది.

నాలుగు ముక్కలు చేసింది. తరవాత ఎనిమిది. ఆమె వేళ్లు వంకరపోయి ఉండేవి, చిన్నముక్కలు చింపడం రాక మిగిలినవి నా చేతిలో పెట్టింది. నేను చింపాను. మంచులో వేశాం. కాగితం మంచు కన్నా చాలా పసుప్పచ్చగా ఉంది, తోటలో అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. మేం లోపలికి వచ్చేసరికి కరీంనగర్ అమ్మాయి పైకొచ్చి అన్నం, చారు పెట్టి ఉంది. మేం తినేదాకా చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

ఆ తరవాత కూడా ఆదివారాలు చేతులు కడుక్కుని పైకి వెళ్లేదాన్ని. ఆరు ఉత్తరాలే చదివించుకునేది. నా చెవుల గురించి మరి మాట్లాడలేదు. చదువయ్యాక వర్క్ పర్మిట్ వచ్చి నేను మిస్సిసాగా వచ్చేశాను. ఒకచోట కుదురుగా ఉండే మనిషిని కాను, ఏడాదిలో మూడు ఉద్యోగాలు మారాను. ఫోన్లు వారానికొకటి నుంచి నెలకొకటికి వచ్చాయి. మొన్న మార్చిలో చేసినప్పుడు, చారులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది: "నాకు కాన్సర్. కాలేయానికి వచ్చింది. ఎండాకాలం చూడను."

"అలా అనకండి అవ్వా, తగ్గిపోతుంది," అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, గంజి వచ్చినట్టే.

అవ్వ తెలుగులో, మెల్లగా అంది: "ఉన్నది చదువు, అమ్మా."

వస్తానన్నాను. ఏప్రిల్లో ఒకసారి వెళ్లాను. మేలో షిఫ్టులు మారాయి, వెళ్లలేదు. వెళ్లగలిగి ఉండేదాన్ని. ఇది కూడా ఉన్నదే కాబట్టి రాస్తున్నాను.

దహనం అయిన మర్నాడు కిచెనర్ వెళ్లాను. కొడుకు తలుపు తీశాడు. యాభై దాటిన మనిషి, గడ్డం గీసుకోలేదు, అవ్వ స్వెటర్ ఒకటి భుజం మీద వేసుకుని ఇల్లు సర్దుతున్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఫ్రిజ్ ఖాళీ చేసినట్టున్నాడు, బల్ల మీద సామానంతా ఉంది, అందులో ఆవకాయ సీసా కూడా. దాని పక్కనే రేకు డబ్బా.

"ఇవి నీకు తెలుసని అమ్మ చెప్పింది," అన్నాడు. "ఏం రాసుందో నిన్నే అడగమంది, తను చెప్పనంది. చిన్నప్పటినుంచి ఏడు ఉత్తరాలని విన్నాను. ఆరే కనిపిస్తున్నాయి. ఏడోది ఎక్కడో పోయిందా?"

పోయి ఉంటుందిలెండి. ఆ మాట నా పళ్ల దాకా వచ్చింది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్ననే తల్లిని పంపించి వచ్చాడు. ఇండియాలో మాకు కజిన్స్ ఉన్నారట కదా, ఎప్పుడైనా వెళ్లి వెతకాలి, అంటున్నాడు కూడా. ఇవాళే చెప్పాలా, ఇంకోరోజు చెప్పొచ్చు కదా అనిపించింది. మా అమ్మకూ సరిగ్గా ఇలాగే అనిపించి ఉంటుంది.

సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. డబ్బా మూత చెంచాతో లేపాను. ఆయన్ని కూర్చోమని, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఓడ, అన్న, పంతులు, దారాలు, వాంతిభేది, చెంబు. ఏడోది మేమే చింపేశామని, ఎందుకు చింపామో, మంచులో ఎక్కడ వేశామో చెప్పాను. ఆ పిల్ల తరపున కజిన్స్ ఎవరూ లేరని చెప్పాను. అంతా అయ్యాక ఆయన అడిగిందొక్కటే.

"ఆ పిల్ల ఎంత ఉండేది?"

డబ్బాలోంచి అన్నిటికన్నా పొడవైన దారం తీసి ఇచ్చాను. ఆయన లేచి నిలబడి, ఒక కొసను బూటు కింద తొక్కిపట్టి, రెండో కొసను వేళ్లతో మెల్లగా పైకి లాగాడు. అది ఆయన నడుం దాకా రాలేదు. అక్కడ ఆగింది. రెండో చెయ్యి చాచి, అరచేతిని ఆ కొస మీద బోర్లా పట్టి చూశాడు. బూటు కింది కొస జారి దారం వదులైపోయింది. ఆయన చెయ్యి మాత్రం ఆ ఎత్తులోనే, ఏదో తల మీద ఆనించినట్టు, చాలాసేపు అలాగే ఉంది.